కర్వ్‌ల గుంపులో ఉమ్మడి ఆకారం పట్టుకునే మూడు ప్యాకేజీలు: ఏది దేనికి పనికొస్తుంది

ఒక్కో పిల్ల ఎత్తు వయసుతో ఎలా మారిందో చూపే గీతలాంటిది కర్వ్. పది కర్వ్‌లుంటే కాగితం మీద గీసి, ఈ శిఖరం అందరిలోనూ ఉందని కంటితోనే చెప్పేయొచ్చు. యాభై దాటాయంటే కన్నును నమ్మడానికి లేదు. అదే శిఖరం ఒక్కో కర్వ్‌లో ఒక్కో చోట వస్తుంది. కొన్నింట్లో అసలు రాదు. ఇంకొన్నింట్లో కొలత లోపం వల్ల లేని శిఖరం పుడుతుంది. పోనీ సగటు తీద్దామంటే, వేర్వేరు చోట్ల ఉన్న శిఖరాలన్నీ కలిసిపోయి వెడల్పాటి, చదునైన దిబ్బ ఒకటి మిగులుతుంది. ఆ దిబ్బ ఏ ఒక్కరి కర్వ్‌లానూ ఉండదు.

ఈ పనికి ఉచితంగా దొరికే ప్యాకేజీల్లో మూడింటిని ఇక్కడ చూద్దాం. ఆర్ భాషలో ఎఫ్‌డీఏ (ఫంక్షనల్ డేటా అనాలిసిస్, అంటే కర్వ్‌లనే డేటాగా తీసుకునే విశ్లేషణ), అదే భాషలో ఎఫ్‌డీఏ-ఎస్‌ఆర్‌వీఎఫ్, పైథాన్‌లో సైకిట్-ఎఫ్‌డీఏ. మూడింటికీ ఒకే పరీక్ష: బర్క్‌లీ గ్రోత్ స్టడీ డేటా. కాలిఫోర్నియాలో నాన్సీ బేలీ 1928లో మొదలుపెట్టిన అధ్యయనం అది. 54 మంది అమ్మాయిలు, 39 మంది అబ్బాయిల ఎత్తులు 1 నుంచి 18 ఏళ్ల దాకా 31 వయసుల దగ్గర ఉన్నాయి. ఎఫ్‌డీఏ వేసుకుంటే ఈ డేటా 'గ్రోత్' పేరుతో దాంతోపాటే వస్తుంది.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మూడు ప్యాకేజీలకూ కర్వ్‌లను అలైన్ చేయడం, అంటే శిఖరాలు ఒకే వయసు దగ్గర పడేలా సమయాన్ని సాగదీసి సర్దడం, బాగా వచ్చు. కానీ ఒక శిఖరం నిజంగా ఉమ్మడిదేనా అన్న ప్రశ్న అలైన్ చేయకముందే తేలాలి. తేల్చకుండా అలైన్ నొక్కితే ప్యాకేజీ ఉమ్మడి శిఖరాన్ని తనే తయారుచేసి చేతిలో పెడుతుంది. ఈ సమీక్షలో మార్కులన్నీ ఈ కొలబద్ద మీదే వేశాం.

నునుపు చేయడం: ఎఫ్‌డీఏకి సాటి లేదు

ఎదుగుదలలో ఆకారం ఎత్తులో కనిపించదు. ఎత్తు ఎప్పుడూ పైకే పోతుంది. ఏటా ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందన్న వేగంలో, ఆ వేగం ఎలా మారుతోందన్న త్వరణంలో కనిపిస్తుంది. అంటే రెండుసార్లు అవకలనం చేయాలి, చిక్కంతా అక్కడే. ఎత్తు కొలతలో 3 మిల్లీమీటర్ల ప్రామాణిక విచలనం ఉందనుకుందాం. ఆర్నెల్లకోసారి తీసిన కొలతలను నేరుగా తీసివేసి వేగం లెక్కిస్తే లోపం ఏడాదికి 0.85 సెంటీమీటర్లు అవుతుంది. అది సర్దుకోవచ్చు. మళ్లీ తీసివేసి త్వరణం లెక్కిస్తే లోపం దాదాపు 3 సెంటీమీటర్లకు చేరుతుంది. యౌవన దశలో కనిపించే అసలు త్వరణం కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. కాబట్టి నునుపు చేయకుండా వెతికితే దొరికే శిఖరాల్లో చాలా కొలత లోపం పుట్టించినవే.

ఎఫ్‌డీఏని రాసింది రామ్సే, హుకర్, గ్రేవ్స్. దీని బలమంతా ఈ మెట్టులో ఉంది. ముందు 'క్రియేట్.బిస్ప్లైన్.బేసిస్'తో ఆర్డర్ 6 బి-స్ప్లైన్ (బహుపది ముక్కలు అతికించి కట్టే కర్వ్) తీసుకుని, కొలత తీసిన ప్రతి వయసు దగ్గరా ఒక ముడి (ముక్కలు కలిసే చోటు) పెట్టాలి. 31 వయసులకు 31 + 6 − 2 = 35 బేసిస్ ఫంక్షన్లు (కర్వ్‌ను కూర్చే మూల ముక్కలు) వస్తాయి. 'ఎఫ్‌డీపార్'లో పెనాల్టీని (గరుకుదనానికి వేసే శిక్షను) నాలుగో అవకలనం మీద వేయాలి. మామూలుగా అందరూ వాడే రెండో అవకలనం పెనాల్టీ ఎత్తు కర్వ్‌ను నునుపు చేస్తుంది గానీ త్వరణాన్ని గరుకుగానే వదిలేస్తుంది. మనకు ఏ అవకలనం కావాలో దానికి రెండు కలిపి పెనాల్టీ పెట్టడం మంచి పద్ధతి.

ఆ పెనాల్టీ ఎంత గట్టిగా ఉండాలో చెప్పే అంకె లాంబ్డా. దాన్ని ఎంచుకోవడానికి జీసీవీ (జనరలైజ్డ్ క్రాస్-వ్యాలిడేషన్) విలువ సిద్ధంగా వస్తుంది. జీసీవీని కళ్లు మూసుకుని నమ్మకండి. జీసీవీ చూసేది ఎత్తు కర్వ్ ఎంత బాగా కుదిరిందన్నదే. త్వరణం సంగతి దానికి పట్టదు. అందుకే అది చెప్పే లాంబ్డా అవకలనాలకు దాదాపు ఎప్పుడూ చిన్నదవుతుంది. జీసీవీ విలువ దగ్గర మొదలుపెట్టి, పదింతల చొప్పున పెంచుకుంటూ త్వరణం కర్వ్‌లను గీసి చూడటం ఒక్కటే దారి.

ఇంతకంటే మంచిది 'స్మూత్.మోనోటోన్'. ఎత్తు తగ్గదన్న నియమాన్ని ఇది లెక్కలోనే కట్టేస్తుంది. వేగాన్ని ఒక ఘాతీయ ఫంక్షన్‌గా రాస్తుంది కాబట్టి అది రుణాత్మకం కావడానికి వీల్లేదు. పెనాల్టీ మూడో అవకలనం మీద, లాంబ్డా 0.3 దగ్గర మొదలుపెడితే ఈ డేటాకు సరిపోతుంది. ప్రతి పిల్లకూ విడిగా పునరావృత గణన చేస్తుంది కాబట్టి మామూలు స్మూతింగ్ కంటే చాలా నెమ్మది. ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. 'ఇవాల్.మాన్‌ఎఫ్‌డీ' ఇచ్చే అవకలనంలో బీటా గుణకం ఉండదు. దాన్ని మనమే గుణించాలి. శిఖరం ఏ వయసులో ఉందన్నది బీటా మీద ఆధారపడదు కాబట్టి ఆ తప్పు చోటును చూస్తే బయటపడదు. శిఖరాల ఎత్తులు పోల్చినప్పుడే అంకెలు అర్థం లేకుండా వస్తాయి. ఈ తలనొప్పి వద్దనుకుంటే ఫలితంలోని 'వైహ్యాట్‌ఎఫ్‌డీ' తీసుకుని 'డెరివ్.ఎఫ్‌డీ'తో రెండో అవకలనం తీయండి.

ఏ పద్ధతైనా రెండు చివర్లూ నమ్మదగ్గవి కావు. ఒక ఏడాది వయసు దగ్గర, 18 దగ్గర త్వరణం కర్వ్‌లు విసనకర్రలా విచ్చుకుంటాయి. 3 నుంచి 17 దాకా మాత్రమే వెతకాలి.

ఉమ్మడిదేనా? ఇది మనమే రాసుకోవాలి

థియో గాసర్, అలోయిస్ క్నైప్ 1995లో ఈ ప్రశ్నకు చక్కటి జవాబు ఇచ్చారు. దాన్ని నేరుగా చేసిపెట్టే ఫంక్షన్ ఎఫ్‌డీఏలో లేదు. ప్యాకేజీలో పెద్ద లోటు ఇదే. అయితే ముప్పై లైన్ల కోడ్‌తో రాసుకోవచ్చు, రాసుకుని తీరాలి.

ప్రతి కర్వ్ త్వరణాన్ని 3 నుంచి 17 దాకా 0.05 ఏడాది అడుగులతో లెక్కించండి, 281 బిందువులు వస్తాయి. త్వరణం ధనం నుంచి రుణానికి దిగే చోటల్లా వేగం శిఖరం ఉన్నట్టు. రెండు బిందువుల మధ్య సరళరేఖ గీసి కచ్చితమైన వయసు పట్టండి. ఆ శిఖరం తన పక్క లోయల కంటే ఎంత ఎత్తుందో కూడా రాసిపెట్టుకోండి. 54 మంది అమ్మాయిల శిఖరాల వయసులన్నీ ఒకే కుప్పగా పోసి కెర్నల్ సాంద్రత (ఏ వయసు దగ్గర ఎన్ని శిఖరాలు గుమిగూడాయో చూపే నునుపైన గీత) గీయండి. ఒక చిన్న మార్పు మాత్రం తప్పనిసరి: శిఖరాల సంఖ్యతో కాకుండా కర్వ్‌ల సంఖ్యతో భాగించండి. అలా చేస్తే ఒక ఉబ్బు కింద వైశాల్యం అంటే ఒక్కో అమ్మాయికి సగటున అలాంటి శిఖరాలు ఎన్ని అని అర్థం. వైశాల్యం 1కి దగ్గరగా ఉంటే దాదాపు అందరిలోనూ ఉంది. 0.6 ఉంటే పది మందిలో ఆరుగురిలో ఉంది. 0.1 ఉన్నదాన్ని ఉమ్మడి అనడానికి లేదు. ఒకే అమ్మాయి నుంచి రెండు శిఖరాలు ఒకే ఉబ్బులో పడ్డాయేమో విడిగా చూడండి. పడితే వైశాల్యం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

బ్యాండ్‌విడ్త్ (ఆ గీతను ఎంత వెడల్పున నునుపు చేయాలన్నది) 0.4 నుంచి 0.6 ఏడాది మధ్య పెట్టండి. కొలతలే ఆర్నెల్లకోసారి తీసినప్పుడు అంతకంటే సన్నగా చూడటంలో అర్థం లేదు. మరీ పెంచితే అమ్మాయిల్లో 7 ఏళ్ల దగ్గరి చిన్న ఉబ్బు, 12కి కాస్త ముందు వచ్చే యౌవన ఉబ్బు కలిసిపోతాయి. ఒక్క లాంబ్డాతో ఆగకండి. 0.001 నుంచి 1 దాకా నాలుగు విలువలతో మళ్లీ మళ్లీ గీయండి. నిజమైన ఉబ్బు కదలకుండా అక్కడే ఉంటుంది. లాంబ్డా తగ్గించినకొద్దీ కొత్తగా మొలిచేవి, ముఖ్యంగా కొలత తీసిన వయసుల మీదే వరుసగా నిలబడేవి, అన్నీ దొంగవి. ఈ డేటాలో 2 నుంచి 8 ఏళ్ల దాకా కొలతలు ఏడాదికోసారి, తర్వాత ఆర్నెల్లకోసారి ఉన్నాయి. సరిగ్గా 8 దగ్గర పుట్టే ఉబ్బును రెండోసారి చూడకుండా ఒప్పుకోవద్దు.

7 ఏళ్ల దగ్గరి ఆ చిన్న ఉబ్బు వెనక పెద్ద పాఠమే ఉంది. 1978లో వచ్చిన ప్రీస్-బేన్స్ నమూనా ఎదుగుదల అధ్యయనాల్లో చాలా పేరున్న సూత్రం. దాని సమీకరణంలో బాల్యం మధ్యలో శిఖరం రావడానికి చోటే లేదు. ఎన్ని వేల మంది డేటా పోసినా అది దాన్ని చూపించలేదు. 1980ల్లో గాసర్ బృందం జ్యూరిక్ అధ్యయన డేటాను ఏ సూత్రమూ ముందు పెట్టుకోకుండా కెర్నల్ పద్ధతితో నునుపు చేసి త్వరణం చూసినప్పుడు ఆ శిఖరం స్పష్టంగా బయటపడింది. ఆకారం వెతికేటప్పుడు నునుపు చేసే పద్ధతికి తన సొంత ఆకారం ఉండకూడదు.

అలైన్ చేయడం: ఎఫ్‌డీఏలో రెండు దారులు

మొదటిది 'ల్యాండ్‌మార్క్‌రెగ్'. పై లెక్కలో ఉమ్మడిదని తేలిన శిఖరం వయసును ప్రతి కర్వ్‌కూ ఇస్తే, అందరి శిఖరాన్నీ సగటు వయసు దగ్గరికి తెస్తుంది. ఇలా గుర్తుగా పెట్టుకున్న వయసే ల్యాండ్‌మార్క్. ఒక్క ల్యాండ్‌మార్క్‌కు ఆర్డర్ 3, సగటు వయసు దగ్గర ఒకే లోపలి ముడి, మొత్తం 4 బేసిస్ ఫంక్షన్లు చాలు. పెనాల్టీ మొదటి అవకలనం మీద, లాంబ్డా 10 ఘాతం మైనస్ 12. ఇక్కడ బేసిస్ పెంచితే లాభం లేదు, సమయ సర్దుబాటు కర్వ్ (ఉమ్మడి వయసుకు ఆ పిల్ల సొంత వయసు ఏదో చూపే గీత) వంకర్లు పోతుంది. చివరి బిందువులు తనే బిగిస్తుంది, వాటిని జాబితాలో ఇవ్వకూడదు. ఒకటి కంటే ఎక్కువ ల్యాండ్‌మార్క్‌లుంటే ప్రతి వరుసలోనూ వయసులు కచ్చితంగా పెరుగుతూ ఉండాలి.

ప్రతి కర్వ్‌కూ విలువ ఇవ్వాల్సిందే, ఖాళీ ఒప్పుకోదు. శిఖరం లేని కర్వ్‌కు ఏం చేయాలి? దగ్గర్లో కనిపించిన ఏదో చిన్న మలుపును తెచ్చి పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. ఆ కర్వ్‌ను అలైన్‌మెంట్ నుంచి తప్పించి, ఎన్ని తప్పించారో ఫలితం పక్కనే రాయండి. ఇంకో సంగతి: కొత్త వెర్షన్లలో ఈ ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల పేర్లు, వరుస మారాయి. పాత ఉదాహరణలు కాపీ చేస్తే లోపం చూపిస్తుంది. సహాయం పేజీ చూసి పేర్లతో సహా రాయండి.

రెండోది 'రిజిస్టర్.ఎఫ్‌డీ'. ల్యాండ్‌మార్క్ అక్కర్లేకుండా మొత్తం కర్వ్‌ను లక్ష్య కర్వ్‌కు దగ్గర చేస్తుంది. ఎత్తు ఇస్తే ఏమీ తేలదు, త్వరణమే ఇవ్వాలి. 'క్రిట్' అంటే దగ్గరితనాన్ని ఏ కొలమానంతో చూడాలన్నది. దాని డిఫాల్ట్ విలువ 2, మార్చకండి. 1 పెడితే కనిష్ఠ వర్గాల లెక్క. అందులో లక్ష్యం కంటే ఎత్తయిన శిఖరాన్ని సన్నగా నొక్కేస్తే వర్గాల మొత్తం తగ్గుతుంది కాబట్టి ప్యాకేజీ అదే చేస్తుంది. శిఖరం ఎత్తులో తేడాను సమయంలో తేడాగా చూపించడమన్నమాట. 2లో కర్వ్ లక్ష్యానికి అనుపాతంలో ఉంటే చాలు, ఎత్తు తేడాకు శిక్ష లేదు. బేసిస్ 15, ఆర్డర్ 5, లాంబ్డా 1 దగ్గర మొదలుపెట్టండి.

నేరుగా దీనితో మొదలుపెడితే కొందరి యౌవన శిఖరం వెళ్లి ఇంకొకరి బాల్య శిఖరానికి అతుక్కోవచ్చు. ముందు ల్యాండ్‌మార్క్, తర్వాత దాని ఫలితం మీద ఇది, ఆ వరుసే సరైనది. చివర్లో 'యాంప్‌ఫేజ్‌డికంప్' నడిపితే కర్వ్‌ల మధ్య తేడాలో సమయానిది ఎంత, శిఖరాల ఎత్తుది ఎంత అని వాటా చెబుతుంది. దానికి వయసు పరిధి 3 నుంచి 17 అని ఇవ్వకపోతే చివరి విసనకర్రే లెక్కంతా మింగేస్తుంది. సర్దుబాటు కర్వ్‌ను చదవడం కూడా తెలియాలి: వికర్ణానికి పైనుంటే ఆ పిల్ల సగటు కంటే ఆలస్యంగా ఎదిగింది, కిందుంటే ముందే ఎదిగింది.

ఎఫ్‌డీఏ-ఎస్‌ఆర్‌వీఎఫ్: పదునెక్కువ, జాగ్రత్త కూడా ఎక్కువే

డెరెక్ టక్కర్ నిర్వహించే ఈ ప్యాకేజీ దారి వేరు. ప్రతి కర్వ్ అవకలనం పరిమాణానికి వర్గమూలం తీసి, గుర్తును అలాగే ఉంచి, ఆ రూపంలో కర్వ్‌లను పోలుస్తుంది. శ్రీవాస్తవ తదితరులు 2011లో తెచ్చిన ఈ పద్ధతికి పునాది ఫిషర్-రావు మెట్రిక్ అనే దూరం కొలిచే పద్ధతి. ఆ రావు మన గణాంక శాస్త్రవేత్త సీఆర్ రావు గారే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, 1945లో కలకత్తా నుంచి రాసిన పత్రంలో ఫిషర్ ఇన్ఫర్మేషన్‌ను (డేటాలో ఎంత సమాచారం ఉందో చెప్పే కొలతను) దూరం కొలిచే సాధనంగా చూపించారు. ఆయనే 1958లో ఎదుగుదల కర్వ్‌లను పోల్చడం మీద రాస్తూ, సమయం స్కేలునే మార్చి ఎదుగుదలను సమం చేసి చూడాలని ప్రతిపాదించారు. ఈ ప్యాకేజీ నడుస్తుంటే ఆయన రెండు ఆలోచనలు ఒకే చోట పనిచేస్తున్నట్టుంటుంది, తెలుగువాళ్లకు అది తెలిసి ఉండాలి.

ఈ మెట్రిక్ వల్ల వచ్చే లాభం నిజమైనది. రెండు కర్వ్‌లను ఒకే రకంగా సాగదీస్తే వాటి మధ్య దూరం మారదు. దాంతో పైన చెప్పిన శిఖరాన్ని సన్నగా నొక్కే జబ్బు మూలంలోనే పోతుంది. వాడకం కూడా సులువు: 'టైమ్_వార్పింగ్'కు ఒక మాత్రిక, ఒక సమయ వరుస ఇస్తే చాలు. అడ్డువరుసలు సమయం, నిలువువరుసలు కర్వ్‌లు. తారుమారు చేస్తే అర్థం లేని ఫలితం వస్తుంది. ఖాళీ విలువలు ఉండకూడదు. నునుపు చేయని 31 కొలతలను నేరుగా ఇవ్వకండి. ఎఫ్‌డీఏలో నునుపు చేసిన వేగాన్ని 100 సమాన దూరపు బిందువుల దగ్గర లెక్కించి ఇవ్వండి. ప్యాకేజీలో సొంత స్మూతింగ్ ఉంది గానీ అది ఉత్త జారుడు సగటు లాంటిది, ఈ పనికి చాలదు.

లోటు దాని డిఫాల్ట్‌లో ఉంది. ఇక్కడ లాంబ్డా సమయాన్ని సాగదీయడానికి వేసే శిక్ష. అది 0తో మొదలవుతుంది, అంటే సమయాన్ని ఎంత సాగదీసినా అడ్డు లేదు. ఏ ఉమ్మడి ఆకారమూ లేని 54 నునుపైన యాదృచ్ఛిక కర్వ్‌లను తయారుచేసి ఇచ్చి చూడండి. స్పష్టమైన శిఖరాలున్న సగటు బయటికి వస్తుంది. ఈ పరీక్ష ప్రతి కొత్త డేటాకూ చేయాల్సిందే: మీ కర్వ్‌లంతే నునుపున్న ఉత్తుత్తి కర్వ్‌లను అదే లాంబ్డాతో అలైన్ చేసి, మీ సగటు శిఖరం వాటి సగటు శిఖరాల కంటే ఎంత ఎత్తుందో పోల్చండి. తేడా లేకపోతే లాంబ్డా పెంచాలి. 0.01, 0.1, 1 అని పెంచుకుంటూ సర్దుబాటు కర్వ్‌ల వాలు చూడండి. వాలు చాలాచోట్ల మూడింతలు దాటినా, మూడో వంతుకు పడినా, మెట్లుమెట్లుగా కనిపించినా అది ఎదుగుదల తేడా కాదు, బలవంతపు అతుకు. కర్వ్ చదునుగా ఉన్నచోట అవకలనం సున్నా కాబట్టి అక్కడ సర్దుబాటును నిర్ణయించే సమాచారమే ఉండదు. ఆ భాగంలో వచ్చే వంకర్లకు అర్థాలు వెతకొద్దు.

రెండు చివర్లను ఇదీ బిగించేస్తుంది. రికార్డు శిఖరం మధ్యలో మొదలైన కర్వ్‌లుంటే ముందే తీసేయండి. అబ్బాయిలనూ అమ్మాయిలనూ కలిపి ఒకే సగటుకు అలైన్ చేయడం కూడా పొరపాటే. రెండేళ్ల తేడాను పూర్తిగా సమయంలోకి నెట్టేశాక, శిఖరాల ఎత్తులో మిగిలిన అసలు తేడా ఎంతో చెప్పలేం.

సైకిట్-ఎఫ్‌డీఏ

మాడ్రిడ్ అటానమస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పైథాన్ ప్యాకేజీ. పిప్‌లో పేరు సైకిట్-ఎఫ్‌డీఏ, కోడ్‌లో పిలవాల్సిన పేరు ఎస్‌కేఎఫ్‌డీఏ. 'ఫెచ్_గ్రోత్' అంటే ఇదే 93 మంది డేటా ఇస్తుంది, మొదటిసారి ఇంటర్నెట్ కావాలి. ల్యాండ్‌మార్క్ పద్ధతీ, ఫిషర్-రావు పద్ధతీ రెండూ ఒకే చోట ఉన్నాయి. ఫిషర్-రావు అలైన్‌మెంట్ చేసే క్లాస్ పేరు మధ్యలో మారింది, పాత పాఠాలు చూసి రాస్తే చిక్కులు వస్తాయి.

దీని గొప్పదనం ఫిట్, ట్రాన్స్‌ఫామ్ విడిగా ఉండటం. సగం కర్వ్‌ల నుంచి నేర్చుకున్న మూసకు మిగతా సగాన్ని అలైన్ చేయడం రెండు లైన్ల పని. వర్గీకరణ చేసేవాళ్లు పరీక్ష డేటాను మూసలో కలిపేసి మోసపోకుండా ఇది కాపాడుతుంది. లోటు నునుపు చేయడంలో ఉంది: తగ్గకూడదన్న నియమంతో చేసే 'స్మూత్.మోనోటోన్' లాంటి సౌకర్యం కోసం ఎఫ్‌డీఏ దగ్గరికే వెళ్లాలి. 'లీస్ట్‌స్క్వేర్స్‌షిఫ్ట్' పేరు చూసి ఎదుగుదలకు వాడకండి, అది కర్వ్ మొత్తాన్ని పక్కకు జరుపుతుంది అంతే. యంత్రం సంకేతాల్లాంటివి ఒకే ఆకారంతో ముందూ వెనకా మొదలైతే దానికి అదే సరైనది.

కొలిచి చెప్పాలంటే

ఎదుగుదల, నడక, చేతిరాత లాంటి డేటాలో ఆకారం గురించి ఏదైనా నిరూపించాలంటే ఎఫ్‌డీఏ, 5కి 4. తగ్గిన ఒక్కటీ ఉమ్మడి శిఖరం లెక్క లేనందుకు. నడక లాంటి ఆవర్తన డేటాకు 'పీరియాడిక్' ఆన్ చేయడం మరవద్దు, లేకపోతే అడుగు మొదలూ చివరా కలవవు. స్పెక్ట్రమ్‌ల లాంటి శిఖరాలు చాలా ఉండే డేటాకు, లాంబ్డా పరీక్ష ఓపిగ్గా చేయగలిగితే ఎఫ్‌డీఏ-ఎస్‌ఆర్‌వీఎఫ్, 3.5. అలైన్‌మెంట్ తర్వాత యంత్ర అభ్యాసం చేయాల్సినవాళ్లకు సైకిట్-ఎఫ్‌డీఏ, 3.5. మొదటి రెండూ జీపీఎల్ లైసెన్స్, మూడోది బీఎస్‌డీ. కంపెనీ ఉత్పత్తిలో కలిపి అమ్మాలనుకునేవాళ్లు ఈ తేడా ముందే చూసుకోవాలి.